రాళ్ళకి నంబర్లు

"గుడి అసలుదే. ద్వీపమే వేరేది."

అస్వాన్ దగ్గర ఫిలే గుడికి మోటారు పడవలో వెళ్తుంటే మా గైడు అన్న మాట ఇది. రోజూ ఏదో ఒక గుంపుకి చెప్పే మాటే అయ్యుంటుంది, మేం నవ్వడానికి టైమిచ్చినట్టు ఒక్క క్షణం ఆగాడు కూడా. అందరం నవ్వాం.

నలుగురం ఇంజనీరింగ్ క్లాస్‌మేట్లం, ఒకడి భార్యతో కలిపి ఐదుగురం. రెండేళ్ళుగా వాట్సాప్ గ్రూపులో నానుతున్న ప్లాను. అస్వాన్‌లో ఓడ ఎక్కడం, మూడు రాత్రులు నైలు మీద ఉండటం, లక్సర్‌లో దిగడం, మధ్యలో గుళ్ళు. ఓడ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. నాలుగంతస్తుల హోటల్ని నీళ్ళ మీద పెట్టినట్టుంటుంది. రేవులో జాగా చాలక ఓడ పక్కన ఓడని కట్టేస్తారు కాబట్టి, ఒడ్డుకి వెళ్ళాలంటే మరో మూడు ఓడల లాబీల్లోంచి నడిచి వెళ్ళాలి. వాళ్ళ పప్పు సూపుని అన్నంలో పోసుకుని, తెచ్చుకున్న ఆవకాయ నంజుకుంటూ మొదటి రోజు గడిపేశాం.

ఫిలే కథ మాత్రం చెప్పాలి. 1902లో బ్రిటిష్‌వాళ్ళు అస్వాన్ దగ్గర కట్టిన మొదటి ఆనకట్ట వల్లే ఈ గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్ళలో ఉండేది. తర్వాత ఆ ఆనకట్ట ఎత్తు రెండుసార్లు పెంచారు. 1960లో ఇంకాస్త ఎగువన హై డామ్ మొదలయ్యాక ఫిలే రెండు ఆనకట్టల మధ్య ఇరుక్కుపోయింది. ఆ ఏడాది మార్చిలో యునెస్కో ప్రపంచ దేశాలన్నిటినీ సాయం అడిగింది. 1972 నుంచి 1980 దాకా నడిచింది ఫిలే పని. ద్వీపం చుట్టూ గట్టు కట్టి, లోపలి నీళ్ళు తోడేసి, గుడిని రాయి రాయిగా విప్పి, దాదాపు 40 వేల రాళ్ళకి నంబర్లు వేసి, కూతవేటు దూరంలో ఎత్తుగా ఉన్న అగిల్కియా అనే ద్వీపం మీద మళ్ళీ పేర్చారు. ఆ ద్వీపాన్ని కూడా ఫిలే ఆకారం వచ్చేలా చెక్కారు.

చదివి వెళ్ళిన సంగతే. అయినా ఆ స్తంభాల మధ్య నిలబడితే ఒళ్ళు జలదరించింది. హేడ్రియన్ పేరు మీదున్న ద్వారంలో, గోడ మీద, క్రీస్తుశకం 394 ఆగస్టు 24 నాటి గీతలున్నాయి. మూడు వేల ఏళ్ళకి పైగా నడిచిన చిత్రలిపిలో తేదీ తెలిసిన చివరి శాసనం అది. చెక్కినాయన ఆ గుడి పూజారి. ఈ లిపి చదివేవాళ్ళు ఇక ఉండబోరని ఆయనకి తెలుసో లేదో. ఇంకోచోట క్రైస్తవులు చెక్కిన శిలువలున్నాయి, ఉలితో కొట్టేసిన దేవతల ముఖాలున్నాయి. ఇదంతా నీటి అడుగున బురదైపోవలసింది. నంబర్లు వేసినవాళ్ళ వల్ల మిగిలింది. ఎవరికో థాంక్స్ చెప్పాలనిపించింది, ఎవరికో తెలియలేదు.

ఓ పది ఫోటోలు తీసి అమ్మకి పంపాను. రాత్రి వాయిస్ మెసేజ్ వచ్చింది. "గుడి బాగుంది నాయనా. మరి ఊరు యాడుండాది? గుడి ఒక్కటే పెట్టినారా?"

అమ్మకి ఈజిప్టు గురించి ఏమీ తెలియదు. ఆమెకి తెలిసింది శ్రీశైలం ప్రాజెక్టు. మా అవ్వవాళ్ళది కర్నూలు దగ్గర కృష్ణ ఒడ్డునున్న ఊరు. 1981లో ఖాళీ చేయించారు. అప్పుడు అమ్మకి పదహారేళ్ళు. వందకు పైగా ఊళ్ళు, లక్షమందికి పైగా జనం. అదే నీళ్ళలో మునగాల్సిన కూడవెల్లి సంగమేశ్వర ఆలయాన్ని మాత్రం విప్పి అలంపురం తీసుకెళ్ళి మళ్ళీ కట్టారు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఆ గుడికి వెళ్ళేవాళ్ళం. అద్భుతమైన గుడి, దాంట్లో నాకు సందేహం లేదు. ఆ రాళ్ళ మీద చెయ్యి వేసి అవ్వ ఒకసారి అంది: "దేవునికి యాడైనా ఒకటే. మనకే యాడుండాల్నో తెలియల్య."

ఫిలే చూసి వచ్చిన రాత్రి నా బుర్రలో ఈ రెండు గుళ్ళూ ఒకటైపోయాయి. హై డామ్ కింద ఈజిప్టు వైపు దాదాపు 50 వేలమంది నూబియన్లని, సుడాన్ వైపు మరో 50 వేలమందిని కదిలించారు. ఈజిప్టులోవాళ్ళని 1963, 64ల్లో కోమ్ ఓంబో దగ్గరికి తెచ్చారు. తరతరాలుగా నది ఒడ్డునే బతికినవాళ్ళని నదికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, వరసలు వరసలుగా కట్టిన ఇళ్ళలో పెట్టారు. చాలా ఇళ్ళు అప్పటికి పూర్తి కూడా కాలేదు. కొత్త ఊళ్ళకి పాత ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు: తోష్కా, బల్లానా.

ఆ రోజుల్లో అక్కడ పనిచేసిన రాబర్ట్ ఫెర్నియా లాంటి మానవశాస్త్రవేత్తలు రాసినవాటిలో ఒక వివరం నన్ను వదలలేదు. కొత్త ఇళ్ళని గదుల లెక్కన కట్టారు. ఒక గది ఇళ్ళన్నీ ఒక చోట, రెండు గదులవి ఇంకో చోట, మూడు, నాలుగు గదులవి మరో చోట. కుటుంబంలో ఎంతమందున్నారో చూసి ఇల్లిచ్చారు. చూడ్డానికి న్యాయంగానే ఉంది. జరిగిందేమిటంటే, ఒంటరిగా ఉన్న ముసలమ్మ ఒక గది ఇళ్ళ వరసలోకి, పిల్లలున్న ఆమె కూతురు నాలుగు గదుల వరసలోకి పోయారు. పాత ఊళ్ళో వాళ్ళవి పక్కపక్క ఇళ్ళు, ఒకరి వంట ఒకరింటికి వెళ్ళేది.

నేను చేసేది డేటాబేస్ పని. ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి డేటాని తరలించడాన్ని మేం మైగ్రేషన్ అనే అంటాం. ఆ పనిలో మొదట తెలిసేదేమిటంటే, కాలమ్ లేనిది కదలదు. పాత టేబుల్లో ఎవరో ఎప్పుడో రాసుకున్న నోట్సు, రెండు రికార్డులు ఒకదాని పక్కన ఒకటి ఉండటం వల్లే తెలిసే సంగతి, ఇవన్నీ చివర్లో 'మైగ్రేషన్ సక్సెస్‌ఫుల్' అని మెయిల్ వెళ్ళేసరికి పోయుంటాయి. ఎవరి తప్పూ ఉండదు. గదుల సంఖ్యకి కాలమ్ ఉంది, పక్కింట్లో ఎవరున్నారన్నదానికి లేదు. గుడికి ఈ ఇబ్బంది రాలేదు. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో రాసి పెట్టుకున్నారు కాబట్టే అది గుడిగా మిగిలింది.

ఇక్కడితో ఆపేస్తే మంచి వ్యాసం అయిపోయేది. రాళ్ళకి ఇచ్చిన విలువ మనుషులకివ్వలేదు, చూడండి, అని. తిరిగొచ్చాక అలాగే రాద్దామనుకున్నా కూడా. కానీ రెండోరోజు మధ్యాహ్నం డెక్ మీద 'సాగర్'తో జరిగిన గొడవ నన్ను అక్కడ ఆగనివ్వలేదు.

వాడి అసలు పేరు అది కాదు. నరసరావుపేట దగ్గర ఊరు వాడిది, నాగార్జునసాగర్ కుడికాలువ కింద మాగాణి. కాలేజీ మొదటి సంవత్సరంలోనే "సాగర్ రాకముందు మా తాత వాన కోసం మొగులు చూసేవాడు, వచ్చాక కాలువ చూశాడు" అని గొప్పలు చెప్పుకునేవాడు, అలా ఆ పేరు ఖాయమైంది. తెల్లవారుజామున లేచి అబూ సింబెల్ చూసొచ్చాం ఆ రోజు. రెండో రామ్సెస్ కట్టించిన కొండగుడి. దాన్ని 1964 నుంచి 68 దాకా, వెయ్యికి పైగా దిమ్మెలుగా కోసి, 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి జరిపారు. వెనకున్న కొండ కూడా కట్టిందే, లోపల కాంక్రీటు డోము. ఓడ కదిలింది, ఒడ్డున ఖర్జూరం చెట్లు వెనక్కి పోతున్నాయి, నేను నా గదుల లెక్క థియరీ మొదలుపెట్టాను.

వాడు మొత్తం విన్నాడు. "ఒరేయ్, కట్టకుండా ఉండాల్సిందా?" అన్నాడు.

"నేనలా అన్లేదు."

"మరేమంటున్నావ్? ఎనభైల్లో ఇథియోపియాలో కరువొస్తే ఈజిప్టు బతికింది ఈ డామ్‌లో నీళ్ళ వల్లే. వీళ్ళ దేశంలో కరెంటు ఇళ్ళలోకొచ్చింది దీనివల్ల. నాగార్జునకొండ లోయ మునిగింది, మా ఊళ్ళో వరి పండింది. ఆ అన్నం తిన్నవాడిని నేను."

నిజమే. నాగార్జునకొండది ఇంచుమించు ఇదే కథ, ఇంకొంచెం ముందు జరిగింది. 1955 డిసెంబర్లో నెహ్రూ సాగర్‌కి శంకుస్థాపన చేసేటప్పటికే అక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. 1960 దాకా నడిచాయి. ఇక్ష్వాకుల విజయపురిలో దొరికిన స్తూపాలు, విహారాలు కొన్నిటిని కొండ మీద, అనుపు దగ్గర మళ్ళీ పేర్చారు. నీళ్ళొచ్చాక ఆ కొండే ద్వీపమైంది, ఇప్పుడు మ్యూజియానికి లాంచీలో వెళ్తాం. మనవాళ్ళకి ఈ పని అప్పుడే చేతికొచ్చింది. 1961-62లో బి.బి. లాల్ నాయకత్వంలో భారత పురావస్తు శాఖ బృందం ఒకటి నూబియాకి వెళ్ళి ఆఫియే దగ్గర తవ్వింది కూడా. ఈ సంగతి చెప్తే సాగర్ సంబరపడ్డాడు, వాడి పక్షాన ఇంకో సాక్ష్యం దొరికినట్టు.

"గుడి మీద ఖర్చు పెట్టకపోతే ఆ డబ్బు మీ నూబియన్లకిచ్చేవాళ్ళా?" అన్నాడు మళ్ళీ. దీనికీ నా దగ్గర జవాబు లేదు. గుడి కోసం చందాలిచ్చిన దేశాలు మనుషుల కోసం ఇచ్చేవని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. గుడిని నీళ్ళకి వదిలేస్తే నూబియన్లకి ఒక గది కూడా ఎక్కువ వచ్చేది కాదు. రాళ్ళు, మనుషులు అని త్రాసులో పెట్టడం నాకు బాగున్న లెక్క, జరిగిన లెక్క అది కాదు.

అప్పుడన్నాడు అసలు మాట. వాడికి మా ఇంటి సంగతులన్నీ తెలుసు. "మామా, మీ అవ్వవాళ్ళ ఊరు మునక్కపోతే నువ్వీ డెక్ మీద ఉండేవాడివేనా?"

డెక్ సంగతి దేవుడెరుగు, అసలు ఉండేవాణ్ణే కాదు. ఊరు వదిలి కర్నూల్లో అద్దెకి దిగారు కాబట్టే ఆ వీధిలో ఉండే మా నాన్న సంబంధం వచ్చింది. పరిహారం డబ్బులో కొంత అమ్మ చదువుకి, తర్వాత ఇంకొంత మా ఇంటి స్థలానికి. ఊరు ఉండుంటే అమ్మకి ఆ ఊళ్ళోనో, పక్క ఊళ్ళోనో ఎవరితోనో పెళ్ళయ్యేది. వాళ్ళకి పిల్లలు పుట్టేవాళ్ళు. వాళ్ళలో నేను లేను.

డెరెక్ పార్ఫిట్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1984లో వచ్చిన తన పుస్తకంలో ఈ చిక్కుముడినే పట్టుకున్నాడు. ఒక పని వల్లే నేను పుట్టాను, నా బతుకు బతకదగ్గదిగానే ఉంది. అలాంటప్పుడు ఆ పని నాకు అన్యాయం చేసిందని ఎలా అనగలను? అది లేకపోతే బాగుపడే 'నేను' ఎవడూ లేడు కదా. కాలేజీ అయిన కొత్తల్లో దీన్ని చదివి, చమత్కారంగా ఉందే అనుకుని పక్కన పెట్టేశాను. నైలు మీద కుర్చీలో కూర్చుని ఉండగా అది నా ఇంటి కథ అని తెలిసింది. ఊరు మునగకుండా ఉండాల్సింది అని నేను మనస్ఫూర్తిగా అనలేను. అంటే, నేను లేకుండా ఉండాల్సింది అన్నట్టే. ఎంత ప్రయత్నించినా ఆ కోరిక గొంతు దిగదు.

సాగర్ దాన్ని గెలుపుగా తీసుకున్నాడు. "చూశావా, నీకే అభ్యంతరం లేదు." ఆ క్షణంలో నోరు మెదపలేదు కానీ, తర్వాత రెండు రోజులూ దాని చుట్టూనే తిరిగాను, ఇప్పటికీ తిరుగుతున్నాను. నాకు అభ్యంతరం లేకపోవడం దేనికి సాక్ష్యం? నేను చింతించలేకపోవడం నా పుట్టుకలో ఉన్న ఇరుకు. ఆ ఇరుకుని తెచ్చి అవ్వకి జరిగినదాని మీద తీర్పుగా చెప్పడం ఎక్కడి న్యాయం? ఆమెకి నష్టం జరిగినప్పుడు నేను లేను. తర్వాత నేను వచ్చి, "పర్లేదు, బాగానే అయింది" అంటే, ఆమె బాకీని ఆమెనడక్కుండా నేను మాఫీ చేసినట్టు. మనవలందరం ఇదే చేస్తుంటాం, చాలా ప్రేమగా. "ఆ ఊళ్ళోనే ఉంటే ఇప్పుడేముండేది అవ్వా?" అని నేనే ఎన్నిసార్లు అన్నానో. ఆమె ఏమీ అనేది కాదు. నవ్వేది. ఆ నవ్వుని ఒప్పుకోలు అనుకున్నాను.

ఫిలేలో థాంక్స్ ఎవరికి చెప్పాలో తెలియకపోవడం కూడా ఇదేనేమో. 'రక్షించారు' అన్న మాట మిగిలినదాన్ని చూసేవాడు అనే మాట. టికెట్ కొనుక్కుని వచ్చినవాడికి గుడి మిగిలింది, అందుకని రక్షించారు. ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే అది మాట్లాడేది నా వైపు నుంచే.

సాగర్ వాళ్ళావిడ ఇంత సేపూ మౌనంగా విని, "నూబియన్ విలేజ్ టూర్ కూడా ఉందట, ఎక్స్‌ట్రా డబ్బులు కడితే. పశ్చాత్తాపం ప్యాకేజీలో రాదు, విడిగా కొనుక్కోవాలి" అంది. అస్వాన్ పడమటి ఒడ్డున ఘర్బ్ సొహైల్ అని రంగురంగుల ఇళ్ళ ఊరుంది, ఇళ్ళలో మొసలి పిల్లల్ని పెంచి చూపిస్తారు. అప్పటికే దాటి వచ్చేశాం కాబట్టి వెళ్ళాలా వద్దా అని ఆలోచించే అవస్థ తప్పింది.

సాయంత్రం ఓడ కోమ్ ఓంబోలో ఆగింది. మొసలి దేవుడు సోబెక్‌కి ఒక సగం, గద్ద దేవుడు హోరస్‌కి ఇంకో సగం, నది ఒడ్డునే జంట గుడి. పక్కన మ్యూజియంలో మొసళ్ళ మమ్మీలు. మా కేబిన్ సర్దే అబ్బాయి రోజూ మంచం మీద తువ్వాళ్ళతో ఏదో ఒక బొమ్మ చేసి పెట్టేవాడు. ఆ రోజు మొసలి. పాతికేళ్ళు కూడా ఉండవు. ఎక్కడివాడివని అడిగాను. "ఇక్కడే సర్, టాక్సీలో ఇరవై నిమిషాలు" అని ఊరి పేరు చెప్పాడు. అరవై ఏళ్ళ కింద మునిగిపోయిన ఊరి పేరే.

నా గుండె కొట్టుకుంది, నిజం చెప్పాలంటే. ఎదురుచూసినది దొరికినట్టు. పాత ఊరి గురించి ఇంట్లో మాట్లాడుకుంటారా అని అడిగాను. "తాత మాట్లాడేవాడు. వచ్చే ముందు సమాధుల మీద నీళ్ళు చల్లి వచ్చారట. నేను చూళ్ళేదు సర్, అక్కడిప్పుడు చూడ్డానికేముంది, నీళ్ళే కదా" అన్నాడు. వెనక్కి వెళ్ళాలనుందా అంటే భుజాలెగరేశాడు. 2014 రాజ్యాంగంలో, 236వ అధికరణంలో, నూబియన్లని పదేళ్ళలో వాళ్ళ పాత ప్రాంతాలకి చేర్చే పథకాలు చేపట్టాలని రాశారు. అది చదివి వచ్చిన నేను ఆ పదేళ్ళ గురించి అడగబోయి ఆగాను. "కోమ్ ఓంబో బాగుంటుంది సర్. ఓడ ఆగినప్పుడు టైమ్ ఉండదు, లేకపోతే ఇంటికెళ్ళి భోంచేసి వచ్చేవాణ్ణి" అన్నాడు. గంటన్నరలో ఓడ బయల్దేరింది. అతను కిందికి దిగలేదు.

అతనికి బాధ ఉండాలని నేనెందుకంత కోరుకున్నాను? అతనూ నాలాంటి మనవడే. అతని అమ్మానాన్నలు ఆ కొత్త ఊళ్ళోనే కలిసి ఉంటారు. నాకున్న ఇరుకే అతనికీ ఉంది. తాత తరఫున అతనేదో చెప్తాడని, అవ్వ తరఫున నేను రాసుకుంటానని ఎదురుచూశాను. ఇద్దరిలో ఎవరికీ ఆ అధికారం లేదు.

అయితే ఎవరికుంది? పోయినవాళ్ళకి. వాళ్ళేమీ చెప్పరు. ఇక్కడే నాకు సంగమేశ్వరం గుర్తొస్తుంది. అలంపురంలో ఉన్న గుడి కాదు, ఇంకోటి, ఎవరూ తరలించనిది. శ్రీశైలం నీళ్ళలో ఏడాదిలో ఎక్కువ నెలలు మునిగే ఉంటుంది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే మొదట శిఖరం, తర్వాత గోడలు, చివరికి లోపలి వేపకర్ర లింగం బయటపడతాయి. బురద కడుగుతారు. జనం వస్తారు. వానాకాలం నీళ్ళు మళ్ళీ లోపలికొచ్చేటప్పుడు ఆఖరి పూజ చేసి తలుపు వదిలేస్తారు. ఫిలేతో పోలిస్తే ఆ గుడికి శిల్పమే లేదు, రాళ్ళు అరిగిపోతున్నాయి, ఇంకో వందేళ్ళకి ఏం మిగులుతుందో. కాపాడటం అంటే ఫిలేకి చేసిందే కాపాడటం, అందులో నాకు తేడా లేదు. కానీ అవ్వ బతికున్నన్నాళ్ళూ అలంపురానికి మేం తీసుకెళ్తే వచ్చేది, సంగమేశ్వరానికి తనే బయల్దేరేది. గుళ్ళోకి వెంటనే వెళ్ళేది కాదు. ముందు ఒడ్డున నిలబడి నీళ్ళకేసి చెయ్యి చాపి, "మన ఇల్లు ఆడ, మా చిన్నమ్మోళ్ళ ఇల్లు దాని పక్కన, రచ్చబండ ఈ తట్టు" అని చెప్పేది. ప్రతి ఏడూ అదే వరస. పక్కన ఏ ఇల్లు, దాని పక్కన ఏ ఇల్లు. నేను ఫోన్లో గేమ్ ఆడుకుంటూ ఊఁ కొట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ వరస నాకు మూడిళ్ళకి మించి గుర్తు లేదు. అమ్మకి పది, పన్నెండు వరకూ వస్తాయి.

లక్సర్‌లో దిగే ముందు రోజు రాత్రి రిసెప్షన్‌లో టిప్పు పెట్టె ఉంచారు. మనిషికింత అని మావాళ్ళు లెక్క వేశారు. నేను విడిగా ఒక కవర్లో ఇంకొంత పెట్టి కేబిన్ అబ్బాయికిద్దామనుకున్నాను. సాగర్ చూశాడు. "అది ఆ అబ్బాయికా, మీ అవ్వకా?" అన్నాడు, ఈసారి వెటకారం లేకుండానే. ఏం చెప్పాలో తోచలేదు. ఇచ్చేశాను. ఆ అబ్బాయి కవరు విప్పకుండానే జేబులో పెట్టుకుని, బ్యాగులు కిందికి తీసుకెళ్ళాలా అని అడిగాడు.

ఇంటికొచ్చాక అమ్మకి ఫోన్ చేసి, ఈ ఏడు సంగమేశ్వరం వెళ్దాం, ఇళ్ళ వరస చెప్తే రాసుకుంటానన్నాను. నీళ్ళు ఇంకా తగ్గలేదంట, ఉగాది పోయినాక చూద్దాంలే అంది.